మామూలు వెంట్రుక

ఆ ల్యాబులో ఏ పని మొదలవ్వాలన్నా ముందు మామూలు ఇవ్వాల్సిందే. గుమాస్తా ఈ మాట కొత్తగా వచ్చిన వాళ్లందరికీ చెప్పి, వాళ్ల మొహాలు మాడిపోతుంటే చూసి నవ్వుకుంటాడు. మామూలంటే లంచం కాదు, వెంట్రుక. జబ్బు మనిషి వెంట్రుకను మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు పోల్చి చూడడానికి జబ్బులేని మనిషి వెంట్రుక కూడా ఒకటి పక్కన ఉండాలి. రిజిస్టరులో ఆ గడికి 'మామూలు' అని పేరు. పదకొండేళ్లుగా ఆ గడిలోకి ఎక్కుతున్నది ఒక్క మనిషి జుట్టే, స్లైడ్లు తయారుచేసే ఆవిడది. అందుకే కన్నవాళ్లు పెట్టిన పేరు ఏదైనా ల్యాబులో అందరికీ ఆవిడ మామూలమ్మ.

సోమవారం పొద్దున్నే రంగుల ఫ్యాక్టరీ మేస్త్రి వచ్చాడు. ఎర్ర రంగు కలిపే షెడ్డులో పదిహేనేళ్లు పనిచేసిన మనిషి. ఇప్పుడు పనిలేదు. పాదాలు వాచిపోయి చెప్పుల్లో పట్టక, చెప్పులు చేత్తో పట్టుకుని వరండా బెంచీ దాకా నడిచి వచ్చాడు. అరచేతుల గీతల్లో ఎరుపు ఇంకా పోలేదు. కోర్టు ముద్ర వేసిన కవర్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి ఆవిడ చేతిలో పెట్టాడు.

"పద్నాలుగు, చెల్లెమ్మా. అందులో పన్నెండు మంది బతికే ఉన్నారు. ఆ అడుగునున్న రెండూ కొంచెం జాగ్రత్తగా చూడండి, మళ్లీ కావాలంటే దొరకవు."

ఆవిడ తల ఊపి ఆ రెండు కవర్లనూ విడిగా పెట్టింది.

ఫ్యాక్టరీవాళ్లు కోర్టులో దాఖలు చేసిన కాగితాన్ని డాక్టరు గట్టిగా చదివి వినిపించాడు. ల్యాబుకు పెద్ద ఆయనే. రిటైరవడానికి రెండేళ్లుంది, తల మీద ఒక్క వెంట్రుక లేదు. "షెడ్డులో రంగు పొడి లేచి కూలీల తలల మీద పడిన మాట నిజమే. వెంట్రుకకు పట్టిన రంగు అలా బయటి నుంచి వచ్చినదే. కడిగితే పోతుంది. కూలీల శరీరంలోకి రంగు వెళ్లిందనడానికి ఆధారం లేదు."

"కడిగితే పోతుందంటనా?" మేస్త్రి దగ్గి, తుడుచుకుని అన్నాడు. "మరి నా మూత్రపిండాలు ఏ చెరువులో కడుక్కోవాలో కూడా రాయమనాల్సింది సార్."

"శుక్రవారం పదింటికి రిపోర్టు మీ చేతికిస్తాను," అన్నాడు డాక్టరు. "రంగు బయటి నుంచి అంటుకుందా, రక్తంలోంచి వచ్చిందా. జడ్జిగారు అడిగింది ఈ ఒక్క ముక్కే. లోపలి నుంచి వచ్చిందని తేలితే షెడ్డు మూయిస్తారు, మీ వైద్యం అంతా వాళ్ల నెత్తినే పడుతుంది. తేలకపోతే..."

"తేలకపోతే మాకు తెలుసులెండి," అని మేస్త్రి చెప్పులు చేతిలోకి తీసుకుని లేచాడు.

ఆవిడ పని మొదలుపెట్టింది. ఒక్కో కవరులోంచి మూడేసి వెంట్రుకలు పటకారుతో తీసి సబ్బు నీళ్లలో ఒకసారి, మంచి నీళ్లలో ఒకసారి, స్పిరిట్లో ఒకసారి కడిగింది. వడపోత కాగితం మీద ఆరబెట్టి, గాజు పలక మీద పడుకోబెట్టి, జిగురు బొట్టు వేసి, పైన పల్చటి అద్దం మూసి, అంచులకు గోళ్లరంగు పూసింది. లక్షలు పోసి కొన్న లేజర్ మైక్రోస్కోపుకు చివరికి బజారులో దొరికే గోళ్లరంగే దిక్కు. మగవాళ్ల క్రాపు వెంట్రుకలు, ఏదీ రెండంగుళాలకు మించి లేదు. పద్నాలుగూ అయ్యాక అలవాటు ప్రకారం తన తల మీంచి మూడు పీక్కుంది. పనికి అడ్డమని మెడ దాకా కత్తిరించుకున్న జుట్టు అది.

"నాకుంటే నేనివ్వనా?" అని డాక్టరు తన బోడి తల తడుముకున్నాడు. పదకొండేళ్లుగా వేస్తున్న జోకే. ఆవిడా పదకొండేళ్లుగా నవ్వుతున్నట్టే నవ్వింది.

సాయంత్రం ఐదింటికి ఇల్లు చేరేసరికి వాకిట్లో నాలుగు మూటలు దిగి ఉన్నాయి. రంగుల ఫ్యాక్టరీ కూలీల యూనిఫారాలు అవి. ఆ వీధిలో ఆరేడు ఇళ్లవాళ్లు వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి పంపుతారు. ఆవిడ తల్లి పెరట్లో తొట్టి ముందు పీట వేసుక్కూచుని బట్టలు జాడిస్తోంది. తొట్టిలోంచి కాలువలోకి పోయే నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎనిమిదేళ్ల కూతురు ఒక మూట మీద బాసింపట్టు వేసుక్కూచుని, ఇంకో మూటను బల్లగా చేసుకుని లెక్కలు చేస్తోంది. నడుము దాకా జారే జడ, దాని చివర ఊడిపోయిన రిబ్బను.

"టీచరు నిన్ను రమ్మంది," అంది పిల్ల తలెత్తకుండా. "క్లాసులో నిద్రపోతున్నానంట."

"పోతున్నావా?"

"నేను పోవట్లేదు. అదే వస్తోంది."

ఆవిడ ముక్కుకూ నోటికీ తువ్వాలు కట్టుకుని మూట విప్పింది. ఉతికే ముందు బట్టలు దులపడం ఆవిడ వంతు. ఒక్కో చొక్కా గోడకేసి కొడుతుంటే పొడి ఎర్రగా లేచి, ఎండ పడ్డచోట కాసేపు నిలబడి కిందికి దిగుతోంది.

"లోపల కూచోరాదూ, పొడి పడుతుంది," అని పిల్లను కసిరింది.

"పడితే పడనీ, రాత్రికి తలంటుతాలే," అంది తల్లి తొట్టి దగ్గర్నుంచే. "కడిగితే పోయేదానికి కంగారెందుకే?"

పొద్దున విన్న కాగితంలోనూ అదే మాట. అయినా ఆవిడకు ఆ క్షణాన ఏమీ తట్టలేదు. పొడిలో నిలబడి పనిచేసేది కూలీలు. తాము ఉతికేవాళ్లు, ఉతకడమంటే శుభ్రం చేయడమే కదా. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

మంగళవారం లేజర్ గదిలో నల్ల తెరలు దించి, తలుపు మీద ఎర్ర దీపం వేశారు. డాక్టరు యంత్రం ముందు కూచున్నాడు. ఆవిడ పక్కన నిలబడి స్లైడ్లు అందించసాగింది. సూదిమొన లాంటి పచ్చటి లేజర్ వెలుగు వెంట్రుక మీద అటూ ఇటూ నడుస్తుంటే, ఆ వెలుగు తగిలి రంగు ఎక్కడ మెరిస్తే అక్కడి బొమ్మ తెర మీద గీత తర్వాత గీతగా దిగుతుంది. ముందు పైపొర, తర్వాత దాని కింది పొర, ఇంకా కింది పొర. కత్తి పెట్టకుండా కోయడం అంటాడు డాక్టరు. నల్ల జుట్టు వెలుగును మింగేస్తుంది కాబట్టి తొందరపడితే ఏమీ కనిపించదు. ఒక్కో స్లైడుకు పావుగంట పట్టింది.

మొదటిది మేస్త్రిది. వెంట్రుక అంచు చుట్టూ ఎర్రటి వలయం వచ్చింది, అది అనుకున్నదే. పొరలు దిగుతుంటే ఎరుపు పల్చబడి మాయమైంది. ఇంకా దిగితే వెంట్రుక నట్టనడుమ, పెన్సిల్లో ములుకులాగా, సన్నటి ఎర్ర గీత కనిపించింది.

"ఉంది," అన్నాడు డాక్టరు. కుర్చీ కిర్రుమంది.

పద్నాలుగింటిలోనూ ఉంది. అడుగున ఉన్న ఆ రెండు కవర్ల వెంట్రుకల్లో మిగతావాటికన్నా చిక్కగా ఉంది. డాక్టరుకు సంతోషపడాలో వద్దో తెలియలేదు. "లోపల ఉందని చూపించగలం. ఎలా వెళ్లిందో చూపించలేం. పైన పడ్డ పొడే మెల్లమెల్లగా లోపలికి ఇంకిందని వాళ్ల లాయరు అంటే మన దగ్గర జవాబు లేదు. వీళ్లు పనిలో ఉండగా తీసిన జుట్టు ఇది, నాలుగు నెలల నాటిది, మొత్తం ఆ షెడ్డులోనే పెరిగింది. పొడి తగలని ముక్కే లేదు, రక్తం తగలని ముక్కా లేదు." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే, మామూలు పెట్టు."

ఆవిడ తన స్లైడు పెట్టింది. తెర మీద గీతలు దిగాయి. ఏ వెంట్రుకకైనా ఉండే పచ్చటి మినుకు ముందు వచ్చింది. తర్వాత చుట్టూ ఎర్రటి వలయం. తర్వాత నడుమ ములుకు.

ఈ ఎర్ర రంగు కోసం ఆవిడ వెంట్రుకను ఇంతకుముందు ఎప్పుడూ వెతకలేదు. డాక్టరు స్లైడు బయటికి తీసి, దాని మీద అంకె చూసి, మళ్లీ పెట్టాడు. "స్లైడ్లు కలిపేశావా?" అన్నాడు చివరికి.

ఇన్నేళ్లలో ఆయన నోట ఆ ప్రశ్న రాలేదు. "లేదు సార్," అందావిడ. పనిలో ఎవరైనా తప్పు పడితే ఆవిడకు చెంపదెబ్బతో సమానం.

బుధవారం డాక్టరు ఎదురుగా నిలబడగా మళ్లీ చేసింది. కొత్త చేతితొడుగులు, కొత్త గాజు పలకలు, సీలు విప్పని స్పిరిట్ సీసా. మూడుసార్లు కడిగేది ఆరుసార్లు కడిగింది. అంచు ఎరుపు తగ్గింది కానీ నడుమ ములుకు అలాగే ఉంది. యంత్రానిదే తప్పేమో చూద్దామని గుమాస్తాను పిలిచారు. ఆయన భయపడుతూనే తల వంచాడు. ఆయన వెంట్రుక లోపల చీకటి తప్ప మరేమీ లేదు.

"చూశారా, నా లోపల ఏ కల్మషమూ లేదు," అని గుమాస్తా నవ్వబోయి, ఇద్దరి మొహాలూ చూసి బయటికి వెళ్లిపోయాడు.

"మీ ఇంట్లో ఆ ఫ్యాక్టరీలో ఎవరైనా చేస్తారా?" అడిగాడు డాక్టరు.

"ఎవరూ చేయరు సార్." ఆ తర్వాత తనకే వినపడనంత మెల్లగా అంది, "మా అమ్మ బట్టలుతుకుతుంది. వాళ్లవి."

ఈ సంగతి ఆవిడ దాచింది కాదు. ఎవరూ అడగలేదు, ఆవిడకు చెప్పాలని తట్టలేదు. ఏళ్ల తరబడి తనను మామూలు మనిషి అని రాసుకుంటూ పోయిన మనిషికి తానూ ఒక కేసు కావచ్చని ఎలా తడుతుంది?

డాక్టరు లేచి వచ్చి ఆవిడ పక్కన స్టూలు మీద కూచున్నాడు. చెడ్డవాడు కాదు. "నేను చెప్పేది విను. నువ్వు మంచి ఆసుపత్రిలో పరీక్ష చేయించుకో, నేను ఉత్తరం రాసిస్తా. కానీ ఈ స్లైడు మాత్రం రిజిస్టరుకు ఎక్కకూడదు. ఫ్యాక్టరీ గడప తొక్కనిదాని తలలోనూ రంగుంటే, ఇది ఊరందరికీ ఉండేదే, మా షెడ్డుకేం సంబంధం అంటాడు వాళ్ల లాయరు. పద్నాలుగు మంది నోట్లో మట్టి పడుతుంది. మామూలు గడిలో గుమాస్తా పేరు రాసెయ్."

"అలాగే సార్," అంది. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ కనిపించలేదు. స్లైడును డబ్బాలో పెట్టి మూత వేసింది. మూత వేస్తుంటే తను తువ్వాలైనా కట్టుకుని దులుపుతుందని, పిల్ల అదీ లేకుండా మూటల మీదే కూచుంటుందని గుర్తొచ్చింది. పని అక్కడే వదిలి ఇంటికి బయల్దేరింది.

ఇంటికి వెళ్లేసరికి పిల్ల మూట మీదే నిద్రపోతోంది, చెంప కింద ఒక యూనిఫారం మడత. ఆవిడ పిల్లను గబుక్కున ఎత్తి మంచం మీద పడుకోబెట్టి, మూటలన్నీ గేటు బయట పడేసింది. తల్లి తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"ఏమే, దయ్యం గానీ పట్టిందా? రేపటికి ఇస్త్రీతో సహా ఇవ్వాలి."

"ఇవ్వక్కర్లేదు. అది కడిగితే పోయేది కాదమ్మా. నా వెంట్రుక లోపల ఉంది. నా కళ్లతో చూశాను."

"వెంట్రుక లోపల ఏముంటుందే? వెంట్రుకంటేనే ఇంతుంటుంది!" తల్లి మూట దగ్గరికి వెళ్లి ఆగింది. "అయినా వీటిని ఇంటికి తెచ్చింది ఎవరు? నేను అడిగానా? అమ్మా, ఇంట్లోనే కూచుని చేసుకోవచ్చు, పిల్లను చూసుకున్నట్టూ ఉంటుంది అని మోసుకొచ్చింది నువ్వు కాదూ?"

అన్నందుకు తల్లే బాధపడ్డట్టుంది, మూటను లోపలికి తేలేదు. పెరట్లోకి వెళ్లి, తొట్టిలో నానుతున్నవాటిని చూస్తూ కూచుంది. ఆవిడ చూపు తల్లి కొప్పు మీద పడింది. అరవయ్యేళ్లొచ్చినా నెలనెలా నల్లరంగు వేస్తుంది. రంగు వేసిన జుట్టు పరీక్షకు పనికిరాదు.

ఈ గొడవకు పిల్ల లేచి కూచుంది.

"ఒక్క వెంట్రుక ఇస్తావటే?" అని అడిగిందావిడ.

"ఎందుకు?"

"ల్యాబులో మామూలు అయిపోయింది."

పిల్ల మొహం వెలిగిపోయింది. "అయితే ఇప్పుడు నేను కూడా మామూలమ్మనేనా?" అని తల వంచి జడ ముందుకు వేసింది. కుదురుతో సహా రావాలని ఆవిడ నడినెత్తిన ఒక పొడవాటి వెంట్రుకను వేలికి చుట్టి లాగింది. పిల్ల ఇస్ అని, నవ్వి, రెండోది కూడా తీసుకోమంది.

గురువారం పొద్దున డాక్టరు కోర్టు కాగితాల పని మీద బయటికి వెళ్లాడు. ఆవిడ వెంట్రుకను స్కేలు మీద పరిచింది. ఇరవై అంగుళాలు. జుట్టు నెలకు అరంగుళం పెరుగుతుంది, అంటే ఇది మూడేళ్ల పైచిలుకు కాలం. బ్లేడుతో అంగుళం అంగుళం కోసి, కుదురు వైపు నుంచి ఒకటీ రెండూ అని అంకెలు వేసుకుంటూ పలకల మీద పెట్టింది. పన్నెండో ముక్క చేతితొడుగుకు అతుక్కుని బల్ల మీద పడి, ఏ కొస ఎటో తెలియకుండా పోయింది. తొడుగు తీసి ఆ ముక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పొడుగునా మెల్లగా నలిపింది. వెంట్రుకకు పొలుసులుంటాయి. అలా నలిపితే అది ఎప్పుడూ కుదురు వైపుకే పాకుతుంది. ఏ పుస్తకంలోనూ చదవలేదు, చేతులకు పట్టుబడిన విద్య. అది కుడివైపుకు పాకింది. అటే కుదురని గుర్తు పెట్టింది.

ఆ యంత్రాన్ని ముట్టుకునే హక్కు ఆవిడకు లేదు. కానీ ఏ మీట తర్వాత ఏ మీటో పదకొండేళ్లుగా చూస్తూనే ఉంది. తెరలు దించి, ఎర్ర దీపం వేసి, ఆ కుర్చీలో మొదటిసారి కూచుంది.

చివరి ముక్కతో మొదలుపెట్టింది, ఇరవైతో. చుట్టూ వలయం మండుతున్నట్టు ఎర్రగా వచ్చింది. ఆవిడ ఊపిరి బిగబట్టి లోపలికి దిగింది. చీకటి. ఇంకా దిగింది. చీకటే. పందొమ్మిది, చీకటి. పద్దెనిమిది, పదిహేడు, లోపల ఏమీ లేదు. ఆవిడకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పద్నాలుగు దాటింది, పదమూడు దాటింది. పిల్లకేమీ లేదు, గట్టి పిండం, తన పోలిక కాదు, అనుకుంది. పన్నెండో ముక్క పెట్టింది.

చివరి వైపు చీకటిగానే ఉంది. కుదురు వైపుకు జరుపుతుంటే నడుమ ఏదో నలుసు మెరిసింది. ఆ నలుసు తర్వాత ఇంకో నలుసు, అవి కలిసి గీత అయ్యాయి. పదకొండులో గీత చిక్కబడింది. పన్నెండు అంగుళాలంటే రెండేళ్లు. పిల్లకు ముందుపళ్లు ఊడిన ఏడు అది. ఆ వానాకాలంలోనే ఆవిడ మొదటి మూటను నెత్తిన పెట్టుకుని వచ్చింది.

ఇక చూడాల్సిన పని లేదు. అయినా పది, తొమ్మిది, ఎనిమిది అంటూ ఒకటి దాకా చూసింది. ఏ నెలా వదల్లేదు.

తలుపు తెరుచుకుంది. "ఎవరు ముట్టుకోమన్నారు దాన్ని?" అని అరిచి, తెర మీద బొమ్మ చూసి డాక్టరు ఆగిపోయాడు. "ఎవరిది?"

"మా పాపది సార్." ఆవిడ లేవలేదు, లేవాలని గుర్తు కూడా రాలేదు. ఇరవయ్యో ముక్క బొమ్మనూ, మొదటి ముక్క బొమ్మనూ పక్కపక్కన పెట్టింది. "ఒకే వెంట్రుక సార్ ఇది. ఈ చివర మీద కూడా రెండేళ్లు పొడి పడింది, చుట్టూ చూడండి ఎంతెర్రగా ఉందో. పైన పడ్డది లోపలికి ఇంకేదే అయితే ఇక్కడా ఇంకాలి కదా. ఇంకలేదు. ఈ చివరి ఎనిమిది అంగుళాలూ మూటలు రాకముందు పెరిగినవి. మూటలొచ్చాక పెరిగిన దాంట్లోనే లోపల గీతుంది. అంటే కుదుట్లోంచి వచ్చింది. రక్తంలోంచి."

డాక్టరు కుర్చీ వెతుక్కుని కూచున్నాడు. రెండు బొమ్మలనూ మార్చి మార్చి చూశాడు. ముప్పై ఏళ్లుగా చదివిన మనిషికి తట్టనిది ఈవిడకు ఎలా తట్టిందని ఆశ్చర్యపోలేదు, ఎలా తట్టిందో అర్థమైంది. "మగవాళ్ల క్రాపుల్లో ఇది ఎప్పటికీ దొరికేది కాదు," అన్నాడు మెల్లగా. "కానీ ఆలోచించుకో. ఇది పెడితే నీ కూతురు కోర్టుకెక్కుతుంది. వాళ్ల డాక్టర్లు వచ్చి ఆ పిల్ల తల పట్టుకుని మళ్లీ పీకుతారు. వీధిలో అందరికీ మూటలు ఆగిపోతాయి, అందరూ నిన్నే తిడతారు. గుమాస్తా పేరు రాసి, పద్నాలుగుతోనే పంపిద్దామంటే నేను కాదనను. నీ ఇష్టం."

"తిట్టనీండి సార్. ఆ ఇళ్లలోనూ పిల్లలున్నారు." తెర వైపు తిరిగి అడిగింది, "ఇప్పుడు మూటలు ఆపేస్తే ఇకపై పెరిగే జుట్టులో గీత ఉండదు కదా?"

"జుట్టులో ఉండదు," అన్నాడు డాక్టరు. పాప కోసం ఆసుపత్రికి ఉత్తరం రాయడానికి కాగితం ముందుకు లాక్కున్నాడు.

శుక్రవారం తొమ్మిదిన్నరకే మేస్త్రి వరండాలో ఉన్నాడు. చెప్పులు బెంచీ కింద పెట్టి, పైన కాళ్లు చాపుకున్నాడు. ఆవిడ రిపోర్టు కవరు తెచ్చి ఇచ్చింది. ఆయన కళ్లు చికిలించి పైకాగితం చదివాడు.

"పదిహేనని రాశారేం చెల్లెమ్మా? నేనిచ్చింది పద్నాలుగే కదా."

"ఆ ఒక్కటీ మాది అన్నా. మా పాపది."

"మీరు మా ఫ్యాక్టరీలో..."

"బట్టలుతుకుతాం."

మేస్త్రి తన అరచేతులు తిప్పి, ఆ ఎర్ర గీతల్ని చూసుకున్నాడు. "నా చొక్కా మీద జేబు పైన మూడో నంబరుండేది," అన్నాడు. "పదిహేనేళ్లు ఇంటికి తీసుకెళ్లలేదమ్మా దాన్ని, మా పిల్లలకు అంటుతుందని. గేటు దగ్గరే విప్పేసేవాణ్ణి." కవరును రెండు చేతులా పట్టుకుని, చెప్పులు బెంచీ కిందే మర్చిపోయి మెట్లు దిగాడు. ఆవిడ వెనకాల వెళ్లి అందించింది.

లోపల రిజిస్టరు తెరిచే ఉంది. పదిహేను వరసలూ నిండాయి. అడుగున 'మామూలు' గడి ఒక్కటే మిగిలింది. గుమాస్తా కలం అందిస్తూ, "నా పేరేగా, రాసెయ్యండి," అన్నాడు.

ఆవిడ కలం తీసుకుంది. పైపేజీల్లో అన్నిచోట్లా ఆ గడిలో తన చేతిరాతతో తన పేరే ఉంది. కాసేపు చూసి, గడి ఇరుకని అక్షరాలు చిన్నవి చేసుకుని రాసింది: 'పాప. జుట్టు చివరి ఎనిమిది అంగుళాలు మాత్రమే.'